పావెల్ గారి వంతు

వాన నీళ్ళకు పోయినవి ఇవి: పియానో ఒకటి, మడత కుర్చీలు ఇరవై ఆరు, మా తెలుగు ప్రార్థన కూటం పాటల పుస్తకాలు పంతొమ్మిది, బలలైకాలు పద్నాలుగు. జాబితా రాసింది నేనే. దయ్యాలంటే అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. కూడితే తేలనిదాన్ని పట్టించుకోను.

ఎనభైల మొదట్లో జెర్సీ సిటీలో ఒక చర్చి బేస్‌మెంట్‌ను ఆదివారాలు రెండు బృందాలు వాడుకునేవి. ఒంటిగంటకు రష్యా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ వాద్యబృందం, నాలుగింటికి మా కూటం. స్టోర్‌రూమ్ తాళంచెవి నా దగ్గర ఉండేది.

బలలైకా మూడు మూలల వాద్యం, మూడు తీగలు. వాయించే ముందు వాళ్ళకో పద్ధతి ఉంది. అందరూ ఒకేసారి శ్రుతి చేసుకోరు. వయసు వరసలో ఒక్కొక్కరు సన్న తీగను ఒక్కసారి మీటుతారు. ఆరో వంతు పావెల్ గారిది. ఆయన పోయి ఏడాదైంది. మిగిలింది పదమూడు మంది. ఐదో ఆయన మీటాక ఒక ఊపిరి సేపు అందరూ ఆగి, ఆ తర్వాత ముందుకు వెళ్ళేవారు. పావెల్ గారి వాద్యాన్ని ఆయన భార్య నీనా గారు మిగతావాటితోపాటు స్టోర్‌రూమ్‌లోనే ఉంచారు. ఇంట్లో ఒంటరిగా ఉంటే మూగబోతుందట.

ఒక రాత్రి పెద్ద వానకు బేస్‌మెంట్ మునిగింది. నీళ్ళు తోడేసి స్టోర్‌రూమ్ తలుపు తీసేసరికి జిగురు కరిగి వాద్యాలన్నీ చెక్కపేళ్ళయిపోయాయి. ఏది ఎవరిదో తెలియదు. అందుకని తీగలు బిగించే బిరడలు ఏరి లెక్కపెట్టాను. నలభై రెండు. మూడుతో భాగిస్తే పద్నాలుగు. లెక్క సరిపోయింది కదా అని ఎవరినీ అడగకుండా అప్పుడే చెత్త బండికి ఎత్తించేశాను.

సాయంత్రం నీనా గారు వచ్చారు. చిన్న ముక్కైనా చాలు, ఇంటికి తీసుకెళ్తానన్నారు. అన్నీ పోయాయి, లెక్క సరిపోయింది అన్నాను.

"పావెల్‌ది చూశావా, లేక లెక్కపెట్టావా?" అన్నారామె తన విరిగిన ఇంగ్లీషులో.



ఐదు వారాలకు వేరే ఊరి బృందం నుంచి పదమూడు వాద్యాలు అరువు తెచ్చుకున్నారు. ఆ ఆదివారం కొత్త కుర్చీలు సర్దడానికి నేనూ మా ఆవిడ రత్నకుమారీ ముందే వెళ్ళాం. శ్రుతి మొదలైంది. అలవాటు కొద్దీ లెక్కపెడుతున్నాను. ఐదో మీటు తర్వాత ఎవరూ ఆగలేదు. వెంటనే ఆరోది మోగింది. చివరికి పద్నాలుగు తేలాయి. మళ్ళీ తలలు లెక్కపెట్టాను. పదమూడే.

"ఎన్ని విన్నావు?" అన్నాను మా ఆవిడతో.

"మీ లెక్కల పిచ్చి తగలెయ్య! ప్రేయర్‌కి వచ్చి కూడా కౌంట్ చేస్తున్నారా?" అంది. గొంతు తగ్గించి, "ఫోర్టీన్ అండీ" అంది.

ఐదో ఆయన్ని అడిగాను, రెండుసార్లు మీటారా అని. లేదన్నాడు. పావెల్ గారి తర్వాతి ఆయన, ఆ మీటు విన్నాకే తన వంతు వచ్చిందనుకున్నానన్నాడు. ఒక తీగ మోగితే అదే శ్రుతిలో ఉన్న పక్క తీగ దానంతట అదే మోగుతుందని తర్వాత చదివాను. అలా అయితే ప్రతి మీటుకూ మోగాలి. ఒక్క ఆరో వంతుకే ఎందుకు? పై వారం మళ్ళీ ఎప్పటిలా ఆగారు. ఎప్పటిలా నిశ్శబ్దం. మరెప్పుడూ వినబడలేదు.

ఆ పద్నాలుగు మోగిన రోజే నీనా గారు మూల కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చారు. ఏడవలేదు.

"ఎన్ని పారేశావు?" అని మాత్రం అడిగారు.

పద్నాలుగంటే ఆమె విన్న ఆరో మీటు లేనట్టు. పదమూడంటే నా చేతుల్లో నలభై రెండు బిరడలు లేనట్టు. వచ్చే ఆదివారం చెబుతానన్నాను. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ అడగలేదు. ప్రతి ఆదివారం వెళ్ళేముందు గుమ్మంలో ఆగి నా ముఖంకేసి చూసేవారు, అంతే. కొన్నాళ్ళకు కూతురి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళిపోయారు.

ఆమెకు నేను ఒక సంఖ్య బాకీ. అది పదమూడో, పద్నాలుగో ఇప్పటికీ తెలియదు.