దారం రీళ్ల వరస

మా పిన్ని బట్టలు కుడుతుంది. మిషను ఎదుట గోడకున్న చెక్క మేకులకు దారం రీళ్లు గుచ్చి ఉంటాయి. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, నలుపు. ఏళ్ల తరబడి అదే వరస. తల ఎత్తకుండానే చెయ్యి చాచి కావలసిన రంగు అందుకుంటుంది. పొరపాటున ఒకటి మార్చి పెడితే, "నీ బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టావే?" అని కసురుతుంది. బడి మానేసి ఆమె దగ్గర కాజాలు కుడుతున్న ఈ నాలుగేళ్లలో నేను ఎదురు చెప్పింది లేదు.

ఆమె ఆరేళ్ల కూతుర్ని అందరం బొంగరం అంటాం. ఒక సాయంత్రం అది కుట్లు విప్పుతానంటూ సూదితో కన్ను పొడుచుకుంది. రక్తం రాలేదు. పిన్ని నీళ్లతో కడిగి ఊరుకుంది. మూడో రోజు పొద్దునకి రెప్ప ఉబ్బి, కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది.

"ఆసుపత్రికి వెళ్దాం పిన్నీ." నా గొంతు నాకే వినపడలేదు.

"ఉండవే, ముందు చూపు సంగతి చూద్దాం." దాని మంచి కంటికి అరచెయ్యి అడ్డం పెట్టి, రీళ్లను స్కేలుతో వరసగా తట్టింది.

"ఎరుపు. నీలం. పసుపు," అంది బొంగరం.

"చూశావా? నిక్షేపంగా కనిపిస్తోంది. ఊరికే నా ప్రాణం తోడేశావు." పిన్ని మళ్లీ మిషను ఎక్కింది.

నాకు స్థిమితం లేదు. అది ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. తల గోడవైపు తిప్పనే లేదు.

దాని మంచి కంటికి గుడ్డపేలిక కట్టాను. ఎరుపు రీలు తీసి, ఆ చోట నలుపు గుచ్చాను.

"ఏం చేస్తున్నావే?" మిషను ఆగింది.

స్కేలు అందుకుని మొదటి రీలు తట్టాను.

"ఎరుపు," అంది బొంగరం ధీమాగా.

పిన్ని ముఖంలో నెత్తురు చుక్క లేదు. బొంగరానికి విషయం అర్థమైపోయింది. "ఆసుపత్రికి వద్దమ్మా, ఇంజక్షన్ చేస్తారు," అని ఏడుపు లంకించుకుంది.

డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసింది. "సూది లోపలిదాకా దిగింది. కన్ను లోపల చీము పడుతోంది."

"ఆ రోజు పైకి ఏమీ లేదండీ, చిన్న దెబ్బే అనుకున్నాను."

"పైకి ఏం కనిపిస్తుందమ్మా? ఇప్పుడే కంట్లోకి మందు ఎక్కించాలి. చూపు ఎంత మిగులుతుందో మాత్రం చెప్పలేను."

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే రీళ్లను పిన్నే కలగాపులగం చేసి, దాని మంచి కన్ను మూసి అడుగుతోంది. పనిలో పడి ఎరుపనుకుని పసుపు లాగుతోంది, తన్ను తానే తిట్టుకుంటోంది. బొంగరం రోజూ ఒకటే మాట: "తెలీట్లేదు."

మూడో వారంలో ఒక రోజు అది మెడ ముందుకు చాచింది. "నలుపు కాదు... నీలమా?"

పిన్ని కళ్లు నిండిపోయాయి. "నువ్వు చూడవే, నాకు ఆనడం లేదు."

"నీలమే పిన్నీ," అన్నాను, గట్టిగా.