దసరా నాడు స్కేట్లకు బొట్టు

మా ఆయన నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇదంతా చదివాక ఎవరికైనా ఆ అనుమానం రావచ్చు. మా ఇంట్లో చేయి చేసుకునేదాన్ని నేనే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పెళ్లయిన మొదటి ఏడాదిలోనే ఒక సెట్టు ప్లేట్లు గోడ పాలయ్యాయి. ఒకసారి అట్లకాడ విసిరితే ఆయన భుజానికి తగిలింది. తగిలిన చోట రుద్దుకుని, "మా కోచ్ కన్నా నువ్వే నయం" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చింది.

మా ఆయన డచ్చివాడు. ఐస్ మీద స్పీడ్ స్కేటింగ్ చేయడం ఆయన వృత్తి. అందులోనూ పది వేల మీటర్లు, అంటే ట్రాక్ మీద ఇరవై ఐదు చుట్లు. ఇద్దరిద్దరిని ఒకేసారి వదులుతారు, ఒకరు లోపలి లేన్‌లో, ఒకరు బయటి లేన్‌లో. టీవీలో చూసినవాళ్లు "అబ్బ, ఎంత సుకుమారంగా వెళ్తున్నారో" అంటారు. దగ్గర నుంచి చూస్తే అది కసాయి పని. పదిహేనో చుట్టు దాటాక మనిషి ముఖం మనిషి ముఖంలా ఉండదు. గీత దాటగానే మా ఆయన పక్కకు వెళ్లి కక్కుకునేవాడు. ఉమ్మితే నెత్తురు జీర కనిపించేది. కుడి పిక్క మీద ఇంకొకడి బ్లేడు ఎప్పుడో కోసిన గాటు, జానెడు పొడవు. తన ఒంటి మీద తనే అంత పగ తీర్చుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. దాచేదేముంది, నాకు నచ్చిందే అది.

వాళ్ల దేశంలో స్కేటింగ్ అంటే మనకు క్రికెట్ అంత పిచ్చి. ప్రపంచ పోటీల్లో పది వేల మీటర్లకి వాళ్లు ముగ్గురినే పంపిస్తారు. మా ఆయన ఎప్పుడూ నాలుగోవాడే. ఒకసారి కాదు, వరసగా మూడుసార్లు నాలుగోవాడు. నాలుగో వాడికి అక్కడ పేరు కూడా ఉండదు. ఆ ఉక్రోషంతోనే అమెరికాలో యూటాకి వచ్చాడు. సాల్ట్ లేక్ దగ్గర ఇండోర్ ట్రాక్ ఉంది. సెలవు రోజుల్లో పెద్దవాళ్లకి స్కేటింగ్ నేర్పేవాడు. మా ఆఫీసు వాళ్లందరం టీమ్ అవుటింగ్ అని వెళ్లాం. నేను పదకొండు సార్లు పడ్డాను. పదకొండోసారి నన్ను లేపడానికి వచ్చినప్పుడు తెలుగులో నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయనకి భాష రాకపోయినా తిట్టు అర్థమైంది. రెండేళ్లకి పెళ్లి చేసుకున్నాం. తర్వాత ఆయన ఇక్కడి పౌరసత్వం తీసుకుని, ఈ దేశం తరఫున ఆడటానికి తయారయ్యాడు.

నేను చెప్పబోయే దసరా నాటికి ఆయనకి ముప్పై ఆరు. టీమ్‌లో ఒక్క చోటే మిగిలింది. ఇదే ఆఖరి అవకాశమని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆ చోటు కోసం గట్టిగా పోటీ పడేవాడు ఇంకొక్కడే. మాకు రెండు వీధుల అవతల ఉండే అమెరికన్ కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్లవాడు. అయిదేళ్లుగా వీళ్లిద్దరూ కలిసే ప్రాక్టీస్ చేస్తున్నారు. ఆదివారం వస్తే మా ఇంట్లోనే భోజనం. పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా ముద్ద వదిలేవాడు కాదు. నన్ను "అక్కా" అని పిలవడం నేనే నేర్పాను. "అక్క"లో ఒత్తు అతనికి సరిగ్గా పలకదు, అయినా మానలేదు.

స్కేటర్లు తమ బ్లేడ్లు తామే పదును పెట్టుకుంటారు. రెండు స్కేట్లనీ తలకిందులుగా ఒక స్టాండ్‌లో బిగించి, రెండు బ్లేడ్ల మీదా ఒకేసారి నూనె రాయి నడుపుతారు. తర్వాత అంచు మీద గోరు గీసి చూస్తారు. గోరు పొట్టు లేస్తే పదును ఉన్నట్టు. మా ఆయన ఆ బ్లేడ్లని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నా తల తీసుకో, బ్లేడ్ల జోలికి రాకు" అనేవాడు. ఒక్క ఆ కుర్రాడికి మాత్రం అనుమతి. గరాజ్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి బ్లేడ్లు ఒకరు సరిచూసుకునేవాళ్లు.

ఆ ఏడాది దసరా మర్నాడే సెలక్షన్ రేసు. మధ్యాహ్నం ఇద్దరూ పదును పెట్టుకున్నారు. అతను ఇంటికి వెళ్లాడు. అయిదింటికి మా ఆయన కాళ్లకి మసాజ్ చేయించుకోవడానికి వెళ్లాడు. అప్పుడే శాన్ రామన్ నుంచి నా ఫ్రెండ్ ఫోన్ చేసింది.

"ఆయుధ పూజ అయిందా? మేం కొత్త కార్‌కి చేసేశాం. నిమ్మకాయలు తొక్కించి డ్రైవ్ కూడా చేశాం."

"మా ఇంట్లో ఏం ఆయుధాలున్నాయే?"

"మీ ఆయన స్కేట్లు ఆయుధాలు కావా ఏంటి? రేపే కదా రేసు! బొట్టు పెట్టవే బాబూ, పోయేదేముంది?"

పోయేదేముంది. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకి లేత్ షెడ్ ఉండేది. దసరా వస్తే లేత్‌కి, డ్రిల్లులకి, స్పానర్లకి వరసగా బొట్లు పెట్టేవాళ్లం. పూజకి ముందు ఇత్తడి కుందులు నిమ్మచెక్కతో తోమడం నా పని. ఆ అలవాటు చొప్పునే స్కేట్లు బయటికి తీసి, బ్లేడ్లు కూడా నిమ్మచెక్కతో శుభ్రంగా తోమాను. ఒక్కో బ్లేడుకి మూడు చోట్ల పసుపు రాసి, కుంకుమ పెట్టాను. హారతి ఇచ్చాను. కళ్లు మూసుకుని, ఈసారి ఈయన్ని నాలుగోవాణ్ణి చేయకు తల్లీ అని మొక్కాను. గంట తర్వాత తడిగుడ్డతో తుడిచి, వాటి గుడ్డ తొడుగులు తొడిగి బ్యాగ్‌లో పెట్టేశాను.

పొద్దున్న ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఎందుకో అనుమానం వచ్చి తొడుగు తీసి చూశాను. తొడుగు చెమ్మగా ఉంది. బొట్టు పెట్టిన చోట్ల సన్నటి గోధుమరంగు చుక్కలు. పొడిగుడ్డ పెట్టి గట్టిగా రుద్దితే పోయాయి. పోయాయి కదా అనుకున్నాను. లేత్ షెడ్‌లో పెరిగినదాన్ని, తుప్పు పోవడం వేరు, అంచు మిగలడం వేరు అని నాకు తెలిసి ఉండాల్సింది.

ట్రాక్ దగ్గర ఆయన బ్లేడు కొస దగ్గర మాత్రం గోరు గీసి చూసుకున్నాడు. పొట్టు లేచింది. ఐస్ మీదకి వెళ్లి రెండు చుట్లు తిరిగి, కోచ్ దగ్గరికి వచ్చి ఆగాడు. నేను నాలుగో వరసలో ఉన్నాను, మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"మలుపులో ఎడమ కాలు పట్టడం లేదు."

పక్కనే ఉన్న ఆ కుర్రాడు నవ్వాడు. "నీ బ్లేడ్లకి ఏం కాలేదు, నిన్న నేనే చూశా కదా. నీ బుర్రకే పట్టు లేదు. టెన్షన్ పడకు."

రేసుకి ఇంకా పావుగంట ఉంది. నూనె రాయి బ్యాగ్‌లోనే ఉంది. నేను లేచి వెళ్లి ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఇంత మంది ముందు ఆయన నా మీద అరుస్తాడని భయం వేసింది. ఎవరికీ భయపడనని చెప్పుకు తిరిగేదాన్ని, కుక్కిన పేనులా కూర్చున్నాను. పైగా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

వాళ్లిద్దరినీ ఒకే జతగా వదిలారు. పదో చుట్టు దాకా మా ఆయనే ముందున్నాడు. పదకొండో చుట్టు మలుపులో ఎడమ బ్లేడు ఐస్‌ని వదిలేసింది. మనిషి తుంటి మీద పడి, జారుకుంటూ వెళ్లి అంచున ఉన్న మెత్తలకి గుద్దుకున్నాడు. ఆ చప్పుడు హాలంతా వినిపించింది. పడటంలో కుడి బ్లేడు ఎడమ పిక్కలో దిగింది. లేవబోయాడు. కాలు కింద ఐస్ ఎర్రగా అయిపోయింది. మళ్లీ పడ్డాడు. పిడికిలితో ఐస్‌ని గుద్దాడు, గుద్దుతూనే ఉన్నాడు, వేళ్ల కణుపుల దగ్గర చర్మం లేచిపోయేదాకా. ఇద్దరు పట్టుకుని లాగితే గానీ ఆగలేదు.

ఆ కుర్రాడు ఆగలేదు. ఆ ఆటలో ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. ఆ నెత్తురు మరకల పక్కనుంచే మిగిలిన చుట్లు తిరిగి, తన జీవితంలోనే మంచి టైమ్ తెచ్చుకున్నాడు. టీమ్‌లో ఆ ఒక్క చోటూ అతనిదైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, పిక్కకి కుట్లు వేయించుకుంటూ మా ఆయన ఆ చప్పట్లు విన్నాడు.

కుట్లు అయ్యాక స్కేట్లు అడిగి తీసుకున్నాడు. ఈసారి అంచు పొడుగునా గోరు గీశాడు. కొస దగ్గర బాగుంది. మధ్యలో మూడు చోట్ల గోరు జారిపోయింది. మళ్లీ గీశాడు. మళ్లీ జారిపోయింది. ఆయన ముఖంలో రంగు మారింది.

"వాడే" అన్నాడు. "నిన్న రాయి వాడి చేతిలోనే ఉంది. పొద్దున్న నేను అడిగితే బాగానే ఉన్నాయని చెప్పిందీ వాడే."

నేను నోరు తెరిచాను. ఇప్పుడు కాదు, ఇంటికి వెళ్లాక, కాస్త చల్లబడ్డాక చెబుదాం అనుకున్నాను.

"కారు తీసుకురా" అన్నాడు.

కార్లో కూర్చున్నాను. స్టార్ట్ చేసేలోపే ఆయన కుంటుకుంటూ పక్క తలుపులోంచి పార్కింగ్‌లోకి వచ్చేశాడు. ఆ కుర్రాడు తన ట్రక్కులో బ్యాగ్ పెట్టుకుంటున్నాడు. మా ఆయన్ని చూసి ముఖం విప్పారి, కాలు ఎలా ఉందని అడుగుతూ రెండు చేతులూ చాపి ఎదురొచ్చాడు. మొదటి దెబ్బ దవడ మీద పడింది. కర్ర విరిగిన చప్పుడు. అతను ట్రక్కుకి కొట్టుకుని కింద పడ్డాడు. ఈయన అతని మీద కూర్చుని గుద్దాడు. ముక్కు మీద, నోటి మీద, మళ్లీ అదే దవడ మీద. లేచి, ఆ కుట్లు వేసిన కాలితోనే డొక్కలో తన్నాడు. కుట్లు తెగి ప్యాంటు తడిసిపోయింది, అయినా తన్నాడు. "నన్ను నాలుగోవాణ్ణి చేశావ్" అని డచ్చిలో అరుస్తున్నాడు. ఆ భాషలో నాకు తెలిసిన కొద్ది మాటల్లో అంకెలు ఉన్నాయి.

నేను మూడు కార్ల అవతల ఉన్నాను. అద్దం దించే ఉంది. హారన్ నా చేతి కిందే ఉంది. అది నా తప్పు, అతన్ని వదులు అని అరిస్తే చాలు. నిమిషం పాటు చూశాను. ఎవరో పరిగెత్తుకొచ్చి ఆయన్ని లాగేశారు. పోలీసులు వచ్చారు.

మర్నాడు పొద్దున్న ఆయన్ని బెయిల్ మీద ఇంటికి తీసుకొచ్చి, కిచెన్‌లో నిలబెట్టి అంతా చెప్పాను. నిమ్మచెక్క, పసుపు, చెమ్మ తొడుగు, గోధుమరంగు చుక్కలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు.

"రేసుకి ముందే తెలుసా?"

"అనుమానం ఉంది."

"పార్కింగ్‌లో ఎక్కడున్నావ్?"

"కార్లో. మూడు కార్ల అవతల."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన వాపెక్కిన చేతుల్ని సింక్‌లో నీళ్ల కింద పెట్టాడు. "నన్ను వాడి దగ్గరికి వెళ్లొద్దంది కోర్టు. నువ్వు వెళ్లి చెప్పు" అన్నాడు. ఆ తర్వాత ఆయన మీద రెండేళ్లు నిషేధం వేశారు. ముప్పై ఆరేళ్ల స్కేటర్‌కి రెండేళ్లంటే ఇక అయిపోయినట్టే. దవడ విరిగినవాడు ఆ సీజన్‌లో ఎక్కడా ఆడలేకపోయాడు. ఆ చోటులో మూడో మనిషి ఎవరో వెళ్లాడు. వీళ్లిద్దరి అయిదేళ్ల చెమట ఒక నిమ్మచెక్కతో పోలేదు, నేను నోరు మూసుకోవడంతో పోయింది.

ఆయనకి అంతా చెప్పిన రోజు మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్లాను. దవడకి తీగలు కట్టారు, మాట్లాడలేడు. ఒక కన్ను మూసుకుపోయింది. మంచం పక్కన నిలబడి, కిచెన్‌లో చెప్పినట్టే వరసగా చెప్పాను. పూజ గురించి చెబుతుంటే ఆ ఒక్క కన్నుతో శ్రద్ధగా విన్నాడు. నేను ముగించాక దిండు పక్కన ఉన్న ఫోన్ తీసుకుని, నెమ్మదిగా టైప్ చేసి నా వైపు తిప్పాడు. "అక్క" అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు.

"అక్కా, నువ్వు కార్లో ఉన్నావని నాకు కనిపించింది. నేను తిరిగి కొట్టగలిగేవాణ్ణి. ఆయన కాలికి దెబ్బ ఉంది, ఒక్క తోపు చాలు. నువ్వు దిగి వస్తావు కదా అని చేయి ఎత్తలేదు."

రెండుసార్లు చదివాను. క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని, ఫోన్ అతని చేతిలో పెట్టేసి, ఆ మాట అడగకుండానే బయటికి వచ్చేశాను.