మా సుజాత నడుము, నేను చేసిన బార్‌బెల్

స్కూలు బూట్లు వేసుకోబోయి మా సుజాత సగం వంగి ఆగిపోయింది. పదమూడేళ్ల పిల్ల, గోడ పట్టుకుని మెల్లగా నిటారైంది. నా మనసు కీడు శంకించింది. అయినా డ్యూటీ టైమైందని సైకిలెక్కి షెడ్డుకి వెళ్లిపోయాను.

ఇది నాలుగేళ్ల కిందటి మాట, తొంభైల మొదట్లో. బిలాస్‌పూర్ రైల్వేలో నేను ఫిట్టర్‌ని. పిల్లల్ని ఏదో ఒక ఆటలో నిలబెడితే పెద్దయ్యాక స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని మా క్వార్టర్ల లైన్లో అందరిదీ ఒకటే ధ్యాస. మా అమ్మాయి వెయిట్‌లిఫ్టింగ్ అంది. కోచ్ లేడు, నేనున్నాను కదా అనుకున్నాను. పాత ఇనుము అమ్మే కబాడీ దుకాణంలో రెండు పాత గేర్ చక్రాలు కొని, ఇనుప రాడ్డుకి అటొకటి ఇటొకటి వెల్డింగ్ చేసేశాను. ముప్ఫై అయిదు కిలోలు. ఊడదీయడానికి, తగ్గించడానికి వీల్లేదు. ఫిట్టర్ బుద్ధి మరి, కదలకుండా బిగిస్తేనే నాకు తృప్తి. రోజూ పొద్దున్నే పెరట్లో ఎత్తించేవాణ్ణి.

నెల తిరిగేసరికి కుర్చీలోంచి లేవాలన్నా పిల్లకి ఆసరా కావాల్సి వచ్చింది.

“నడుం కర్రలాగ బిగిసిపోనాది. ఇంకేటి సూస్తన్నారు? ఆస్పత్రికి తీసుకెళ్లండి,” అని మా ఆవిడ నా మీద విరుచుకుపడింది.

డాక్టర్ గారు ఎక్స్-రే ఫిల్మ్‌ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు. “ఎల్-ఫైవ్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే నడుం చివరి పూసలో సన్నని చీలిక. ఇంకా పెరిగే ఎముక. మూడు నెలలు నడుముకి కార్సెట్ పట్టీ, బరువులు బంద్,” అన్నారు హిందీలో.

ఆరు వారాలకి నొప్పి పోయిందని సుజాత అంది. జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. కార్సెట్ విప్పించింది నేనే. నాలుగో రోజున రాడ్డు మోకాళ్ల దాకా లేపి వదిలేసింది.

“నాన్నా, ఎడం కాలు నాది కానట్టుంది.”

పిల్లని రిక్షా ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టర్ గారు తిడతారనుకున్నాను, తిట్టలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. “పూస ముందుకి జారింది. ఇంకా జారితే ఆపరేషన్. జారదని నేను చెప్పలేను.” తర్వాత పిల్లనడిగారు, నొప్పి ఎప్పట్నుంచని. బార్‌బెల్ ఎత్తిన మొదటి వారం నుంచీ అంది.

“మరి నాకు సెప్పనేదేటమ్మా?” అన్నాను.

“నువ్వు రోజూ ‘నొప్పి నేదు కదా’ అనే అడిగీవోడివి నాన్నా.”

ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను.

పది నెలలు కార్సెట్. ఆ తర్వాత ఫిజియోథెరపీ మేడమ్ ఉత్త వెదురుకర్రతో వంగడం, లేవడం నేర్పించారు. “బరువులు పిల్లలకి విషం కాదు. పద్ధతి కుదిరాక కొంచెం కొంచెం పెంచాలి, తెలిసినవాళ్లు పక్కనుండాలి,” అన్నారావిడ. ఆ మాట ఏడాదికి పైగా ఆలస్యంగా విన్నాను.

సుజాత ఇప్పుడు కాలేజీకి నడిచే వెళుతోంది. పోటీలు లేవు. చలికాలంలో ఎడం కాలు తిమ్మిరెక్కుతుంది. ఆరు నెలలకోసారి ఎక్స్-రే తీయిస్తాం. పూస ఇంకా జారలేదని డాక్టర్ గారు చెప్పేదాకా నేను ఆ వరండాలోనే కూర్చుంటాను.

మీ పిల్లలకి కసరత్తు చేయిస్తుంటే, రోజూ “ఎక్కడ నొప్పిగా ఉంది?” అని అడగండి. ఫలానా చోట అని చెప్పగానే, పోటీ రేపే అయినా సరే, బరువు కింద పెట్టించేయండి.