రాజవ్వ రంగు: నారాయణగూడలో తెరుచుకున్న రా ఫైలు

బాగ్ లింగంపల్లిలో ఒక ఫొటో ప్రదర్శనకు నా చిత్రం ఎంపికైంది. జనగామ దగ్గర చేతిపంపులు బాగుచేసే రాజవ్వను ఆమె పనిచేసే కొట్టంలో తీశాను. కెమెరా తెర మీది ఫొటోను ఫోన్‌తో తీసి పంపితే చూసి ఒప్పుకున్నారు కానీ, మంగళవారం పన్నెండు లోపల జేపీజీ ఫైలు ఇవ్వాలన్నారు. నా దగ్గరున్నది రా ఫైలు, అంటే కెమెరా దాచిన ముడి రూపం. దాన్ని మార్చడానికి ఇంట్లో కంప్యూటర్ లేదు. "నా ఫొటో గోడకెక్కుతుంటే నేను సూడొద్దా?" అని రాజవ్వ కూడా పని మానుకొని బయలుదేరింది.

మంగళవారం పొద్దున జనగామలో ఆరున్నరకు బస్సెక్కితే ఉప్పల్ చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడి నుంచి సిటీ బస్సులో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ఆపైన అశోక్‌నగర్‌కు నడక. పరీక్షలకు చదివే పిల్లలతో కిక్కిరిసిన ఇంటర్నెట్ సెంటర్‌లో మా వంతు వచ్చేసరికి పది దాటింది. అక్కడి ఆపరేటర్ నా మెమరీ కార్డు పెట్టి, ఫైలు పేరు చివరి అక్షరాలు చెరిపి 'జేపీజీ' అని కొట్టాడు. "అయిపోయింది అన్నా" అన్నాడు. తెరిస్తే తెరుచుకోలేదు. చిక్కడపల్లిలో ఒక స్టూడియోకు పరుగెత్తాం. స్టూడియో అతను కూడా ప్రయత్నించి, "ఫైలు ఖరాబైంది, ఆశ వదులుకోండి" అన్నాడు. పక్కన రాజవ్వ కొత్త చీర కొంగు సర్దుకుంటూ నా ముఖమే చూస్తోంది.

ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకొని నారాయణగూడలోని ఒక కలర్ ల్యాబ్‌కు వెళ్లేసరికి పదకొండు పది. కంప్యూటర్ ముందు కూర్చున్న నడివయసు ఆవిడ సంగతి విని నవ్వింది.

"పరేషాన్ గాకు అన్నా. రా ఫైలు బియ్యం లెక్క, జేపీజీ వండిన అన్నం. డబ్బా మీద అన్నమని రాస్తే బియ్యం ఉడుకుతయా?"

పాత పేరు తిరిగి పెట్టి, రా ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్‌లో తెరిచింది. ఫొటో వచ్చింది. కానీ కెమెరా తానే సరిచేసి చూపడంతో దాని తెర మీద బాగానే ఉన్న ముఖం ఇక్కడ చీకట్లో మునిగిపోయి ఉంది. ఆవిడ నీడల్లో వెలుతురు పెంచింది. నల్లటి మరక లోంచి ముందు కళ్లు, తర్వాత ముడతలు, పానా పట్టుకున్న చేతులు పైకి తేలాయి. జేపీజీ అయితే నీడల్లో ఇన్ని వివరాలు దాచుకోదట. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆవిడ ఇంకా పెంచి, చర్మాన్ని తెల్లగా చేసేసింది.

"ఎవలది?" అంది రాజవ్వ.

"నువ్వే అవ్వా. మంచిగ లేదా?" అంది ల్యాబ్ ఆవిడ.

"నేను గింత తెల్లగ ఎన్నడున్న? నా రంగు నాకియ్యి బిడ్డా."

గడియారం పదకొండున్నర చూపిస్తోంది. అలాగే ఇచ్చేద్దామని నా నోటి దాకా వచ్చింది. ల్యాబ్ ఆవిడ కుర్చీ జరిపి రాజవ్వను పక్కన కూర్చోబెట్టుకుంది. తెర మీద వెలుతురు, రంగు మార్చే గీతలను ఒక్కొక్కటే జరుపుతూ, "ఇట్లనా? ఇంక జర తగ్గించాలా?" అని అడుగుతూ పోయింది. చివరికి రాజవ్వ, "ఆఁ, గిది నేనే" అంది.

పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా బాగ్ లింగంపల్లి చేరి ఫైలు ఇచ్చాం. సాయంత్రం గోడ మీదున్న తనను రాజవ్వ చాలాసేపు చూసింది. ఈ ఫొటోకు బహుమతేమైనా ఇస్తారా అని ఎవరో అడిగితే పట్టించుకోలేదు.

రా ఫైలును మార్చడమంటే యంత్రం చేసే పని అనుకున్నాను. వెలుతురు ఎంత, రంగు ఏది అని ప్రతి అడుగులో మనిషే తేల్చాలి. ఆ ఫొటో తీసింది నేనే. అయినా ఆ రోజు నేను ఒప్పుకోబోయింది ఇంకెవరి ముఖాన్నో. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క జాగ్రత్త: కెమెరాలో రా, జేపీజీ రెండూ పడేలా పెట్టుకోండి. ఫైలు పేరు మాత్రం ఎవరినీ మార్చనివ్వకండి.