పైకి చేరని చప్పట్లు

ఆ పాత ఊరికి వచ్చినవాళ్లు ఏమేం చూడాలని అడిగితే గైడ్లందరూ ఒకే పాట పాడతారు. ఎండ ముదరకముందు కోట, మధ్యాహ్నం సన్నసందుల పాత బజారు, సాయంత్రం వంతెన మీద నిలబడి నదిలోకి దిగే సూర్యుడు. వాళ్లలో కోట వదిన మాత్రం ఇంకోటి కలిపేది. "ఇవన్నీ ఫోటోల్లోనూ కనిపిస్తాయి. మా ఆయన చప్పట్లు మాత్రం ఇక్కడికొచ్చి వినాల్సిందే" అనేది.

ఆమెకూ ఒక పేరుంది. తోటి గైడ్లు వదినా, వదినా అని పిలవగా పిలవగా ఆ పేరు మెడలోని బ్యాడ్జీకే పరిమితమైంది. మొగుడూ ఒకప్పుడు గైడే. మోకాళ్లు మొరాయించాక మెట్లెక్కడం మానేసి, కింద సింహద్వారం ముందున్న రాతి అరుగు మీద మకాం పెట్టాడు. ఆ ద్వారం గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండమీది మంటపంలో వినబడతాయి. ఎలా కట్టారో ఆ మహానుభావులు, చప్పుడు కిందనుంచి పైకి వెళ్తుందే తప్ప పైనుంచి కిందికి రాదు. వదిన జనాన్ని మంటపానికి చేర్చి పసుపుపచ్చ గొడుగు ఊపుతుంది. ఆయన అది చూసి గుమ్మటం కిందికి వెళ్లి మూడు చప్పట్లు కొడతాడు. జనం నోరు వెళ్లబెడతారు. ఆ ఆలుమగల బతుకంతా ఆ చప్పట్ల మీదే నడిచింది.

ఆ రోజు పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికే ఆయాసపడుతుంటే వదిన అడ్డుపడింది.

"ఈ ఒక్కరోజు ఇంట్లో పడుకోండి. డాక్టరుగారు ఏం చెప్పారు మీకు?"

"నేను రాకపోతే నీకెవరు కొడతారే?"

"చప్పట్లే కదండీ! నీళ్ల సీసాలమ్మే అతన్ని అడిగినా కొడతాడు. దానికి మీరే కావాలా?"

విసుగులో నోరు జారింది. జారిన మాటను వెనక్కి తీసుకోవడం ఆమెకు మొదట్నుంచీ చేతకాదు. ఆయన చెప్పులేసుకున్నాడు. దారంతా మూతి ముడుచుకునే వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాక కూడా ఆమెవైపు చూడలేదు.

ఆ పూట జట్టులో ఒక కళ్లజోడు పెద్దమనిషి ఉన్నాడు. ప్రతిదానికీ వంక పెట్టే రకం. మెట్లు ఎక్కువన్నాడు, నీడ తక్కువన్నాడు, కోటకి లిఫ్ట్ ఎందుకు పెట్టలేదన్నాడు. వదిన నవ్వి ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది? పోయిన నెలే ఎవరో ఆమె మీద ఫిర్యాదు చేశారు. ఇంకొకటి వస్తే బ్యాడ్జీ ఊడబీకుతామని టూరిజం ఆఫీసులో మొహంమీదే చెప్పారు. పైగా మంటపం చుట్టూ పిట్టగోడ కూలిపోయి ఉంది, జనాన్ని పైన వదిలేసి గైడు కదలకూడదని గట్టి నియమం.

అందరూ మంటపం చేరాక వదిన గొడుగు ఊపింది. "ఇప్పుడు చెవులు రిక్కించండి."

గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు.

"మా ఆయనకి ఇవాళ నామీద కోపం లెండి" అంది. అందరూ నవ్వారు. మళ్లీ ఊపింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కళ్లజోడాయన ఫోను ఎత్తి వీడియో తీస్తూనే అందుకున్నాడు. "అంటే ఇదంతా ఉత్త మాటలే అన్నమాట. ఆఫీసులో చెప్తానుండండి."

వదినకు ఒళ్లు మండింది. కళ్లజోడాయన మీద కాదు, మొగుడి మీద. అలిగితే ఇంట్లో అలగాలి గానీ, పదిమందిలో పరువు తీస్తాడా? ఇంటికి వెళ్లాక చెప్తాను ఈయన సంగతి అనుకుంటూ మూడోసారి గొడుగెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

అలిగి చప్పట్లు మానేసిన రోజు ఒక్కటైనా ఉందా ఈ మనిషికి? వారాల తరబడి మాటల్లేని రోజుల్లోనూ కొట్టాడు. కోపమొస్తే ఆయన చప్పట్లు ఇంకా గట్టిగా మోగేవి. అవి విని, ఇంకా చల్లారలేదన్నమాట అని పైనుంచే లెక్కేసుకునేది. పొద్దున తనన్న మాటకైతే ఈ కొండ దద్దరిల్లాలి.

ఆమె అంచుదాకా వెళ్లి తొంగిచూసింది. కింద అరుగు ఖాళీగా ఉంది. గొడుగు చూసి గుమ్మటం కిందికైతే వెళ్లినట్టున్నాడు, బయటికి మాత్రం రాలేదు. ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"ఏమండీ!" అని గొంతు చించుకుంది. ఇక్కణ్నుంచి ఎంత అరిచినా కిందికి చేరదని రోజూ నవ్వుతూ జనానికి చెప్పేది ఆమే.

"అందరూ ఈ స్తంభాల మధ్యే కూర్చోండి, మీకు దండం పెడతాను. అంచుకి ఎవరూ వెళ్లకండి. మా ఆయనకేదో అయ్యింది."

"మమ్మల్నిలా గాలికొదిలేసి వెళ్తారా?" అన్నాడు కళ్లజోడాయన.

వదిన మెడలో బ్యాడ్జీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "నా పేరు ఇందులోనే ఉంది. రాసుకోండి బాబూ, ఏం రాసుకుంటారో!"

ఆ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అరిగిన రాళ్ల మీద రెండుసార్లు జారింది, చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. దిగుతున్నంతసేపూ చెవులు మాత్రం కిందికే వేసి ఉంచింది. ఒక్క చప్పుడు, ఒక్కటంటే ఒక్కటి వినబడితే చాలు. ఇంక జన్మలో ఆయన్ని మాట అనను అనుకుంది.

గుమ్మటం కింద ఆయన గోడకు చేరగిలబడి ఉన్నాడు. మొహమంతా చెమట, పెదాల్లో రంగు లేదు. నీళ్ల సీసాలమ్మే అతను అట్టముక్కతో విసురుతున్నాడు. "ఇప్పుడే చూశానమ్మా. ఆఫీసు జీపు వస్తోంది" అన్నాడు. ఆమె మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది.

సమయానికి తీసుకొచ్చారని ఆస్పత్రిలో డాక్టరు చెప్పేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా ఆమె కూర్చోలేదు. నీళ్ల సీసాలమ్మే అతను వచ్చి బ్యాడ్జీ ఇచ్చాడు. కళ్లజోడాయన జనాన్నంతా దగ్గరుండి దింపి, ఇది వదినకివ్వమన్నాడట. ఆమె దాన్ని చూడకుండానే సంచిలో పడేసింది.

చీకటి పడుతుండగా ఆయన కళ్లు తెరిచాడు. మంచం పక్కన ఆమెను చూసి, చెయ్యి కదిపాడు.

"కొట్టానే" అన్నాడు. గొంతు పీలగా ఉంది. "గొడుగు ఊపగానే వెళ్లి మూడూ కొట్టాను. చేతుల్లో బలం లేకపోయింది. పైకి వినబడిందా?"

వదిన ఆయన రెండు అరచేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"వినబడకపోవడమేంటండీ? మూడూ వినబడ్డాయి" అంది. "అందుకే కదా పరిగెత్తుకొచ్చాను."