అచ్చమ్మత్త ఆమెన్ మానేసిన సంగతి

మా మేనత్త అచ్చమ్మను గరిడేపల్లిలో చాలాకాలం "తల్లికి చీర కప్పని బిడ్డ" అన్నారు. ముందు అన్నది మా నాయిన మట్టయ్యే. సొంత తమ్ముడే అన్నాక ఊరు ఊరుకుంటుందా? అత్త పెద్దతనంలో మిర్యాలగూడ వచ్చి నా ఇంట్లో ఉంది. అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఎవరి కథో చెప్పినట్టు, జరిగిందంతా తన నోటితోనే చెప్పింది. విన్ననాడు నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు. పోవాలని నాకూ లేదు.

అత్తను కోదాడలో ఇచ్చారు. పెనిమిటితోపాటు ఆయన దేవుడూ వచ్చాడు. మేము మైసమ్మకు మొక్కేవాళ్ళం, వాళ్ళు యేసుకు మొక్కేవాళ్ళు, రాకపోకలకు ఏ అడ్డమూ ఉండేది కాదు. పెనిమిటి చలిజ్వరంతో పోయాక అత్త బిడ్డ సరోజను చంకనేసుకుని సూర్యాపేట చేరింది. అక్కడ అమెరికా దొరల మిషను బడి ఒకటి ఉండేది. ఆ బడి వంటింట్లో అత్తకు పని దొరికింది, సరోజకు బడిలో చోటు దొరికింది. ఊరవతలి మా వాడ పిల్లను పలక పట్టుకుని నలుగురి మధ్య కూర్చోనిచ్చే బడి ఆ చుట్టుపక్కల మాకు తెలిసి అదొక్కటే. అది మరిచి మాట్లాడితే నా కళ్ళు పోతాయి. అందుకే అత్త ఆ చోటును కంటికి రెప్పలా కాచుకుంది.

ఆ బడిలో యేసయ్య పంతులని ఒకాయన ఉండేవాడు. నిడమనూరు మనిషి, మాటకారి. బడి నడిపే దొరగారి ప్రసంగాన్ని మావాళ్ళకు అర్థమయ్యే తెలుగులో చెప్పేది ఆయనే. ఆయన ఒకసారి పిల్లలను నవ్వించడానికి, "ఆమెన్ అనేటోళ్ళ దేశం గనుకనే దానికి ఆమెన్‌రిక అని పేరొచ్చింది" అన్నాడట. పిల్లలు నవ్వి మరిచిపోయారు. మా అత్త నవ్వలేదు, నమ్మింది. అప్పటినుంచి ఆమెకు అది అమెరికా కాదు, ఆమెన్‌రికే. అక్కడ రాజూ ఆమెన్ అంటాడు, రైతూ ఆమెన్ అంటాడు, బడిలో ప్రతి పిల్లా ఆమెన్ అన్నాకే పలక పడుతుంది. అత్త మనసులో ఉన్న దేశం అది. దూరపు కొండలు నునుపు మరి. గరిడేపల్లి వచ్చినప్పుడు మా నాయనమ్మ బాలమ్మ దగ్గర కూర్చుని ఆ దేశం గురించి చెప్పేది.

నాయనమ్మ అంతా విని ఒకటే అనేది. "నీ దేవుడు నీకు, నా మైసమ్మ నాకు. నేను పోయిననాడు మాత్రం ఎర్రంచు చీర నువ్వే కప్పాలె బిడ్డా."

మా ఇళ్ళలో అంతే. తల్లి పోతే కూతురు తెచ్చిన చీర కప్పాకే పాడె లేపుతారు. కొడుకులు ఎంతమంది ఉన్నా ఆ పని కూతురిది. అత్త సూర్యాపేటలో కన్యకమ్మ అనే కోమటామె దుకాణంలో పసుపుపచ్చ నేత చీర ఒకటి, ఎర్రంచుది, ముందే కొని పెట్టెలో దాచింది. బతికున్న తల్లికి చావు చీర కొంటారా అని ఎవరో అంటే, "మాటిచ్చిన గద" అన్నదట.

నలభై ఎనిమిది ఎండాకాలంలో నాయనమ్మ పోయింది. రజాకార్ల భయానికి జనం పొద్దుగూకితే గడప దాటని రోజులవి. కబురు అందగానే అత్త చీర మూటగట్టుకుని సెలవు అడగడానికి దొరగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన తెలుగు పుస్తకంలా ఉండేది.

"నీ తల్లిని చూచుటకు వెళ్ళుము అచ్చమ్మా. కానీ చీర కప్పుట, డప్పుల వెంట నడుచుట, కల్లు ధారపోయుట చేయరాదు. అవి విగ్రహారాధికుల ఆచారములు. వాటిలో చేయి కలిపిన తల్లి బిడ్డకు ఈ బడిలో స్థలము లేదు."

అత్త కాళ్ళ మీద పడింది. చీర ఒక్కటైనా కప్పనియ్యమంది, బట్టలో ఏ దేవుడున్నాడయ్యా అంది. దొరగారు ఆమెను లేపి, చాలా నెమ్మదిగానే అన్నాడట. "ఇది నేను చేసిన నియమము కాదు. మా దేశమందు అన్ని బడులలోనూ ఇదే నియమము. దేవుని విడిచిన ఇంటి బిడ్డకు అక్కడ బడి లేదు. మా బిడ్డలకు లేని సడలింపు నీ బిడ్డకు ఎట్లు ఇచ్చెదను?"

ఆ ఒక్క మాట దగ్గర అత్త లొంగిపోయింది. దొర తన మీద కక్షతో అంటే ఎదిరించేదేమో. ఆమెన్‌రిక పిల్లలకే లేనిది తన పిల్లకు కావాలనడం ఆమెకు దురాశ అనిపించింది. పక్కన నిలబడ్డ యేసయ్య పంతులు తల దించుకుని ఊరుకున్నాడు.

గరిడేపల్లిలో వాకిట్లో నాయనమ్మను పడుకోబెట్టి కూతురి కోసం చూస్తున్నారు. అత్త వచ్చింది, మూట చంకలోనే ఉంది. తల్లి ముఖం చూసి కూలబడి ఏడ్చింది. ఎంతసేపటికీ మూట విప్పదు.

"చీర కప్పు అక్కా. ఎండ ఎక్కుతున్నది, లేపాలె," అన్నాడు నాయిన.

"నాతోని కాదు తమ్ముడా."

"ఎందుకు కాదు?"

"కప్పితే సరోజ బడి పోతది."

"తల్లి పోయింది గీడ. నువ్వు బడి పోతదని ఏడుస్తున్నవా?" అని నాయిన తన తలగుడ్డ విప్పి తల్లి మీద కప్పాడు. పాడె లేచింది. అత్త డప్పులకు చాలా వెనక, ఎవరికీ చెందని మనిషిలా నడిచింది. మట్టి పోశాక ఎవరూ ఆమెకు మంచినీళ్ళు కూడా అందించలేదు. మూట చంకలో పెట్టుకునే సూర్యాపేట తిరిగిపోయింది. ఆ రోజునుంచి నాయిన అక్కతో మాట్లాడలేదు.

వానాకాలం ముగిసేసరికి యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం సర్కారు ఖతమైంది. మరుసటి ఏడు మిషనుకు అమెరికా నుంచి కొత్త దొరసానమ్మ దిగింది. చిన్నవయసు, కల్మషం లేని మనిషి. తెలుగు నేర్చుకోవాలని వంటింట్లో ఆడవాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఒకరోజు అత్త గంజి వారుస్తూ ఊరికే అడిగింది.

"అమ్మా, మీ ఆమెన్‌రిక బడులల్ల పొద్దుటి ప్రార్థన ఎంతసేపు ఉంటది?"

దొరసానమ్మకు ఆ పేరు అర్థంకాక నవ్వింది. తరవాత వచ్చీరాని తెలుగులో చెప్పింది. సర్కారు బడులు వేరు, చర్చి బడులు వేరు. సర్కారు బడిలో కొన్నిచోట్ల ప్రార్థన ఉంది, కొన్నిచోట్ల లేదు. ఈ మధ్యే దాని మీద పెద్ద తగాదా నడిచింది. ఒక ఊళ్ళో బడిలోకి మతం చెప్పేవాళ్ళు వచ్చేవారట. ఒక తల్లి తన కొడుకుకు ఆ పాఠం వద్దంది. ఆ పాఠం జరిగేటప్పుడు పిల్లవాణ్ణి వసారాలో ఒంటరిగా కూర్చోబెట్టారట. తల్లికి కడుపు మండి కోర్టుకు వెళ్ళింది. దేశం మొత్తానికీ పెద్ద కోర్టు, సర్కారు బడిలో మతం పాఠం కూడదు, ఆ తల్లిదే న్యాయమని తీర్పు చెప్పింది.

"ఆ తల్లి దేవుణ్ణి నమ్మదా?" అంది అత్త.

"నమ్మదు."

"అయినా పిల్లగాన్ని బడిల ఉంచిన్రా?"

"ఎందుకు ఉంచరు? చదువు అందరిది కదా," అంది దొరసానమ్మ.

"తీర్పు ఎప్పుడొచ్చింది?"

"పోయిన సంవత్సరం. మార్చి నెల."

నాయనమ్మ పోయింది ఆ తరవాత వచ్చిన ఎండల్లో. అంటే దొరగారు ఆ నియమం చెప్పేనాటికే తీర్పు వచ్చేసింది. గంజి అత్త చేతి మీద ఒలికింది. బొబ్బలెక్కిన సంగతి రాత్రి అన్నం కలుపుకునేటప్పుడుగాని తెలియలేదంది.

తడిచేతులతోనే దొరగారి గదికి వెళ్ళింది. యేసయ్య పంతులు అక్కడే ఉన్నాడు. విన్నదంతా చెప్పి, "నిజమేనా అయ్యా?" అని అడిగింది. అది పన్నులతో నడిచే సర్కారు బడి సంగతి, ఇది కానుకలతో నడిచే దేవుని బడి, దీని నియమం దీనిదే అన్నాడు దొరగారు.

"దీని నియమం దీనిదే అని ఆనాడు చెప్తే అయిపోవు గదయ్యా. మా దేశంల అన్ని బడులల్ల గిదే అన్నవు. మా బిడ్డలకే లేదన్నవు."

"నీ మేలు కొరకే చెప్పితిని అచ్చమ్మా."

"పంతులయ్యా, నీకు ఎరుకేనా?"

పంతులు కిటికీలోంచి బయటికి చూశాడు. "దొరగారి మాటకు నేను అడ్డం ఎట్ల చెప్తనమ్మా" అన్నాడు. అంటే ఎరుకే. దొర పరాయివాడు. పంతులు మన నీళ్ళు తాగినవాడు, మా అత్త పెట్టిన గంజి తాగినవాడు. నాకు ఆయన మీదే మంట ఎక్కువ. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని మా వాళ్ళు ఊరికే అనలేదు.

అత్త గడప దాటుతూ ఒక్క మాట అంది. "ఆ తల్లికి కోర్టు దొరికింది. నాకు మీరు దొరికిన్రు."

ఆ రాత్రే బిడ్డను తీసుకుని వెళ్ళిపోయిందనుకుంటారేమో. వెళ్ళలేదు. నేనూ అదే అడిగాను, అంత మోసం చేస్తే ఇంకా అక్కడే ఎట్లా ఉన్నవు అత్తా అని. "పోతే ఎవరికి నష్టం? సదువు ఇడిపిస్తే మా అమ్మ ఉత్తగ పోయినట్టే గద. అమ్మను ఇచ్చి కొన్న సదువది. ఎట్ల ఇడుస్త?" అంది.

సరోజ ఆ బడిలోనే చదివింది. అత్త ఆ వంటింట్లోనే వండింది. పొద్దున ప్రార్థనకు అందరితోపాటు నిలబడేది, చేతులు కట్టుకునేది. చివర ఆమెన్ దగ్గర మాత్రం నోరు మూసుకునేది. దొరగారు చూశాడు, పంతులు చూశాడు, ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో వాళ్ళకు తెలుసు. యేసు మీద అత్తకు కోపమేమీ లేదు. పడుకునే ముందు ఆయనతో రోజూ మాట్లాడేది, అక్కడా ఆమెన్ లేదు.

సరోజ పెద్దదై హాలియా దగ్గర సర్కారు బడిలో టీచరైంది. అక్కడ పొద్దున్నే సరస్వతి పాట పాడించేవాళ్ళు. మా వదిన మాత్రం ఏ పిల్లనూ "చేతులు జోడించు" అని గద్దించలేదు. హెడ్మాస్టరు అడిగితే, "మా అమ్మమ్మకు బాకీ ఉన్నా సార్" అందట. ఆయనకేం అర్థమైందో మరి.

ఇదంతా విన్నాక నేను గరిడేపల్లి పోయి నాయిన ముందు కూర్చుని మొత్తం చెప్పాను. మర్నాడు నాయిన మొదటి బస్సుకే మిర్యాలగూడ వచ్చాడు. అత్త వాకిట్లో బియ్యం చాట పట్టుకుని కూర్చునుంది. అన్నేళ్ళ తరవాత తమ్ముడు వచ్చి ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"గప్పుడే ఎందుకు చెప్పలేదే అక్కా?"

"చెప్పిన గదరా. బడి పోతదన్న. నువ్వు యినలే."

"చీర ఉన్నదా?" అన్నాడు నాయిన. అత్త లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి తెచ్చింది. మడత విప్పని చీర. పసుపు వెలిసింది, అంచు ఎరుపు ఇంకా ఉంది.

"ఇయ్యి. ఇద్దరం పోదాం. అమ్మను పెట్టిన జాగ నాకు ఎరుకే. దాని మీద కప్పొద్దాం."

అత్త చీర అంచు మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చుంది.

"మొఖం మీద కప్పమన్నదిరా అమ్మ. మట్టి మీద కాదు," అంది.

చీరను మళ్ళీ పెట్టెలో పెట్టి వచ్చి, చాట ముందుకు లాక్కుంది. నాయిన కూడా చెయ్యి చాపి రాళ్ళు ఏరసాగాడు.