పోట్లాటలో ఆయన వంతు

మా ఆయనది విజయనగరం, నాది గుంటూరు. మా కాపురం మొదటి నుంచీ పోట్లాటల మీదే నడిచింది. అలకలు, ఏడుపులు కాదు, మాటకు మాట. సాంబారులో ఉప్పు నుంచి ఇక్కడ సింగపూర్ సెంబవాంగ్‌లో ఫ్లాట్ కొనడం దాకా దేన్నీ వదల్లేదు. నేను గంటసేపు తర్కం తీస్తే ఆయన "ఓలప్పా, ఊరుకోయే" అని ఒక్క ముక్కతో కొట్టిపారేసేవారు.

నిరుడు గొంతులో కణితి వచ్చి, డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కాడు, గొంతు పోయింది. టైప్ చేస్తే పైకి చదివి వినిపించే యాప్ ఒకటి మా అమ్మాయి ఆయన ఫోన్‌లో పెట్టింది.

ఇంటికొచ్చాక, జావ ఎందుకు వదిలేశారని కయ్యం పెట్టుకున్నాను. ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో "ఏటి సేత్తన్నావే, ఇలగుంది జావ" అని కొట్టారు. ఫోన్ దాన్ని తెలుగులోకి మారుస్తూ దిద్దేసింది. "ఏమి చేస్తున్నావు, ఇలా ఉంది జావ" అన్నాడు లోపలి నుంచి ఎవరో వార్తలు చదివే మనిషి. అంత మర్యాదస్తుడితో నేనేం పోట్లాడను?

ఆ దిద్దుడు ఆపేసి తెలుగు కీబోర్డు పెట్టాను. అదో తంటా. గొంతున్నప్పుడు ఆయన మాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చేవి. ఈ కీబోర్డులో ఒక్కో ఒత్తుకూ రెండు మూడు చోట్ల నొక్కాలి. ఆస్పత్రికి బయల్దేరిన రోజు ఆయన "బేగి ఎల్పోదాం" అని పూర్తిచేసేసరికి ఎక్కాల్సిన ట్రైన్ వెళ్లిపోయింది. అది కూడా ఫోన్ నత్తినత్తిగా చదివితే ప్లాట్‌ఫారం మీద జనం తిరిగి చూశారు.

"ఇంగ్లీష్‌లో కొట్టెయ్ లా నాన్నా, ఈజీ" అంది అమ్మాయి, సింగపూర్ వాళ్లలా చివర "లా" తగిలించి. ఈజీయే మరి. అప్పటి నుంచి ఆయన "ఓకే" తప్ప ఏమీ కొట్టలేదు. జావ ఓకే, మందు ఓకే, నేనూ ఓకే. ఇంత ఒప్పుకునే మొగుడు కావాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

మొన్న ఆదివారం ఇక భరించలేక, కావాలనే ఆయన అన్నయ్యను అనరాని మాట అన్నాను. ఆయన తలెత్తారు. ఫోన్ తీసుకుని చాలాసేపు నొక్కారు. నేను పొయ్యి కట్టేసి నిలబడ్డాను. రాయడం అయ్యాక, చదివించే మీట నొక్కకుండా ఫోన్ నా చేతికిచ్చారు.

"నన్ను చదవమంటారా?"

తలూపారు.

"నోర్ముయ్యే గుంటా. మావోడి జోలికొస్తే బాగోదు. నీ బాబేటి పెద్ద గొప్పోడా?"

ఆయన ఎక్కడ సాగదీస్తారో అక్కడ సాగదీసి చదివాను. మా నాన్నను నా నోటితోనే తిట్టి, వెంటనే నా పక్షాన జవాబూ చెప్పాను. రెండు వైపులా ఒకే గొంతు, నాది. కళ్లు మూసుకుని విన్నారాయన. యాస సరిగ్గా పలికిందా అని అడిగాను. అంతంతమాత్రమే అన్నట్టు చెయ్యి ఊపి, మళ్లీ నొక్కడం మొదలుపెట్టారు.